పర్లాకిమిడిలో మళ్లీ కూసిన బాతుకూత: ఏడేళ్లు వాడాక నా అభిప్రాయం

బాతుకూత అంటే ఊదితే బాతులా కూసే చిన్న గొట్టం, వేటగాళ్లు బాతులను దగ్గరికి రప్పించడానికి వాడేది. అమెరికాలోని టెనెసీలో చేత్తో చేసిన ఈ పరికరాన్ని ఏడేళ్ల క్రితం మా మేనల్లుడు తెచ్చి ఇచ్చాడు. వేటను నిషేధించిన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మాట అటుంచి, చలికాలంలో చిలికాకు వచ్చే పక్షులను మాయకూతతో రప్పించడం నాకే ఇష్టం లేదు. బరంపురంలో మా వాళ్లు ఆడే తెలుగు నాటకాలకు తెరవెనుక చప్పుళ్లు చేసేది నేను కనుక, సరస్సో ఆశ్రమమో రంగం మీదికి వచ్చినప్పుడల్లా దీనికి పని పడుతుంది.

ఇది టెనెసీలోని రీల్‌ఫుట్ సరస్సు బాణీ. 1811–12 భూకంపాలకు నేల కుంగి ఏర్పడిన ఆ సరస్సు ఒడ్డున పుట్టిన పని ఇది. చెక్క గొట్టం, అందులో బిగిసే పలక, పలక మీద కాస్త వంపు తిరిగిన లోహపు రేకు, అది జారకుండా ఒక చీల, ఇంతే సరంజామా. ఊపిరి తగిలినప్పుడు రేకు అదురుతుంది. ఆ వంపు వెంట్రుకవాసి చెడినా బాతు కాస్తా మేకపిల్ల అయిపోతుంది. బుగ్గలతో ఊదితే కీచుమంటుంది, గాలిని పొట్టలోంచి తోయాలి. నాకు అది పట్టుబడేసరికి రెండు నెలలైంది, ఇంట్లో వాళ్ల ఓర్పు గురించి చెప్పను.

మూడో వానాకాలానికి మా ఉప్పుగాలి తన పని తాను చేసింది. రేకు చిలుమెక్కింది, గొట్టం నిలువునా బీటలిచ్చింది, ఒక ప్రదర్శనలో నేను ఎంత ఊదినా కొలను మూగగానే ఉండిపోయింది. కొమ్ముపనికి పేరున్న పర్లాకిమిడికి తీసుకువెళ్లాను. అక్కడి పనివాడు సన్నని కొమ్ము ఉంగరాన్ని వేడికి మెత్తబరచి, బీట మీదికి తొడిగి, చల్లారేదాకా బొటనవేలితో అదిమి పట్టాడు. చల్లారాక అతుకు గోటికి కూడా తగలలేదు.

రేకు దగ్గర మాత్రం ఆయన చేయి ఆగింది. ఇత్తడి రేకును రెండుసార్లు కత్తిరించి పారేశాడు. మూడోది పలికింది గాని గొంతు బొంగురు. గొట్టం తరిమెన పట్టగలవారు చాలామంది దొరుకుతారు, రేకుకు వంపు పెట్టడమే అసలు విద్య. ఈ పనిని నిలబెట్టాలనుకునేవారు నగిషీల కంటే ముందు దాన్ని నేర్పించాలని నాకు అప్పుడే అనిపించింది.

పోతపోసిన ప్లాస్టిక్ కూత తేమకు ఉబ్బదు, ధర తక్కువ, ఎప్పుడూ ఒకే బాతు కూస్తుంది. దీనిలో ఊపిరిని బట్టి పిల్లలను పిలిచే తల్లిబాతూ పలుకుతుంది, బెదిరి లేచే గుంపూ పలుకుతుంది. ఓపిక ఉండి, వాడిన ప్రతిసారీ విప్పి తుడుచుకోగలవారికి ఇదే కొనమంటాను. నేను ఇప్పటికీ ఆ మూడో రేకునే వాడుతున్నాను. వానాకాలం ప్రదర్శనలకు మాత్రం ప్లాస్టిక్‌ది కూడా జేబులో వేసుకుని వెళుతున్నాను.