1988 "ఒరిజినల్" పోస్టర్ కొన్నాను, మీరు కొనకండి

ఇవాళ పొద్దున్నే పార్సిల్ విప్పాను. మంట ఇంకా తగ్గలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

పాత హిందీ సినిమా పోస్టర్లు అమ్మే ఆ పేజీ మీ అందరికీ తెలుసు, పేరు రాయను. పోయిన వారం 'ఓం దర్-బ-దర్' పోస్టర్ పెట్టాడు. "1988 థియేటర్ రిలీజ్, ఒరిజినల్, ఒకే ఒక్క పీస్." ఏడు వేల ఐదు వందలు. ఇంకెవడైనా ఎగరేసుకుపోతాడేమోనన్న టెన్షన్‌లో బేరం కూడా ఆడలేదు. కమల్ స్వరూప్ తీసిన సినిమా కదా! ఊపిరి బిగబట్టే కుర్రాడు, జాతకాలు చెప్పే నాన్న, కప్పలు, వజ్రాలు. కామెడీయో, డిటెక్టివ్ కథో, పురాణమో ఎవడూ తేల్చలేడు. మనం పడి చచ్చేది ఇలాంటివాటికే. హిట్ సినిమాలకైతే మళ్లీ ఆడించినప్పుడల్లా పోస్టర్లు అచ్చేశారు, ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. వీటికి ఆ భాగ్యమేదీ?

టేబుల్ మీద పరిచాను. అడ్డంగా, నిలువుగా మడతల గీతలు, అంచున పసుపు మరక. ముచ్చటేసి మడత మీద వేలితో నిమిరాను. నున్నగా ఉంది! అక్కడ మడత లేదు, మడత ఫోటో ఉంది. మరక కూడా ప్రింటే. వెనక్కి తిప్పితే కాగితం కొత్త శుభలేఖలా తళతళ.

ఫోన్ చేశాను. "అన్నా, ఒరిజినల్ అంటే డిజైన్ ఒరిజినల్ అని. ఆ రేటుకి నిజమైనది వస్తదనుకున్నవా?" అని నవ్వాడు. ఆ నవ్వే ఇంకా చెవుల్లో గింగురుమంటోంది. డబ్బు వెనక్కివ్వమంటే "ఫ్రేమ్ కట్టించుకో, బాగుంటది" అన్నాడు. మహానుభావుడు, సలహాకి వేరే ఛార్జీ వేయలేదు. తర్వాత బ్లాక్.

అసలు సిగ్గుచేటు వేరే ఉంది. 1988లో బెర్లిన్ ఫెస్టివల్‌లో వేశారే గానీ, ఆ సినిమా మన థియేటర్ల ముఖం చూసింది 2014 జనవరిలో. అన్నేళ్లూ చేతులు మారిన వీడియో క్యాసెట్ల మీదే బతికింది. ఈ కథ నేనే పదిమందికి గొప్పగా చెప్పాను. అలాంటి నేను "1988 థియేటర్ రిలీజ్" అని చదివి మరీ డబ్బు పంపాను. వాడికన్నా ముందు నన్ను తన్నాలి.

ఆ, మరిచాను. కొనేముందు వీడియో కాల్‌లో వెనకవైపు తిప్పి చూపించమనండి, మడతల మీద పక్కనుంచి లైటు వేయమనండి. చేతికొచ్చాక భూతద్దం పెడితే పాత ఆఫ్‌సెట్ అచ్చులో రంగు చుక్కలు వరుసల్లో ఉంటాయి, ఇప్పటి ఇంక్‌జెట్ ప్రింట్‌లో చల్లినట్టుంటాయి.

ఇప్పుడే ఫ్రెండ్ స్క్రీన్‌షాట్ పంపాడు. అదే పేజీలో 'చాంద్ పర్ చఢాయీ' పోస్టర్. 1967ది, ఒకే ఒక్క పీస్ అట.