ద్వారకానగర్‌లో నాలుగు స్టార్‌షిప్పులు ప్రింట్ చేయించా: ఓ త్రీడీ ప్రింటింగ్ షాపు రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయను. తిట్టేది కూడా ఉంది, పైగా నేను పొగడబోయే మనిషి అసలు ఆ షాపు స్టాఫే కాదు. వైజాగ్ ద్వారకానగర్‌లో జిరాక్స్ షాపుల మధ్య సన్న మెట్లెక్కి పైకెళ్తే ఉంటుంది. కింద ప్లాటర్ మీద, అంటే పెద్ద షీట్ల ప్రింటర్ మీద, బిల్డింగ్ ప్లాన్లు తీస్తారు, పైన ప్లాస్టిక్ తీగ కరిగించి పొరలుగా పేర్చే ఫిలమెంట్ ప్రింటర్లు రెండు, ద్రవాన్ని వెలుతురుతో గట్టిపరిచే రెజిన్ ప్రింటర్ ఒకటి. వచ్చేవాళ్ళంతా ఇంజినీరింగ్ పిల్లలు, ప్రాజెక్టు సబ్మిషన్ రేపనగా పరిగెత్తుకొచ్చేవాళ్ళే. స్టార్‌షిప్ అడిగింది మీరే ఫస్ట్ అన్నా అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

సంగతేంటంటే మేం ఐదుగురం ఎంవీపీ కాలనీలో ఆదివారాలు ట్రావెలర్ ఆడతాం. 1977లో మార్క్ మిల్లర్ చేసిన స్పేస్ రోల్ ప్లేయింగ్ గేమ్ అది, అంటే తలో పాత్ర వేసుకుని కథలా ఆడే ఆట, ఇప్పటికీ కొత్త ఎడిషన్లు వస్తున్నాయి. నేను రిఫరీని, అంటే గ్రహాలూ ఓడలూ విలన్లూ అన్నీ నేనే తయారుచేయాలి, మిగతా నలుగురూ వచ్చి మిర్చి బజ్జీలు తిని వాటిని పాడుచేస్తారు. ఇందులో ఓడ డిజైన్ చెయ్యడమే వేరే ఆట, నిజం చెప్పాలంటే నాకు ఆదివారం ఆట కన్నా శనివారం రాత్రి కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చోవడమే ఎక్కువ ఇష్టం.

లెక్క ఎలాగంటే, ఓడ సైజు టన్నుల్లో చెప్తారు కానీ అది బరువు కాదు, చోటు. ఒక టన్ను ద్రవ హైడ్రోజన్ ఎంత జాగా తీసుకుంటుందో అంత, దాదాపు 14 ఘనమీటర్లు. గళ్ళ పేపర్ మీద ఒకటిన్నర మీటర్ల గడి అనుకుంటే రెండు గళ్ళు ఒక టన్ను. ఒక మనిషి గదికి 4 టన్నులు. జంప్ చేస్తే, అంటే ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి దూకితే, ఒక్కో పార్సెక్‌కి ఓడ సైజులో 10 శాతం ఇంధనం కావాలి. పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు. ఎంత దూరం దూకినా పట్టే టైమ్ మాత్రం సుమారు ఒక వారం. ఓడల కన్నా వేగంగా వెళ్ళే రేడియో లేదు కాబట్టి కబురు కూడా ఓడలోనే వెళ్ళాలి, పాతకాలం ఉత్తరంలా. ఈ 10 శాతం రూలే మొత్తం ఆట అని నా అభిప్రాయం, దీని గురించి మా వాళ్ళతో రెండుసార్లు గొడవ కూడా అయింది.

నేను నాలుగు క్లాసులు, అంటే నాలుగు ఓడ మోడళ్ళు, చేశా. మన నేవీ కల్వరి సబ్‌మెరైన్‌కి సొరచేప పేరు పెట్టింది కదా, నేనూ చేపల పేర్లే పెట్టా, కాకపోతే మన పూర్ణా మార్కెట్లో దొరికేవి. 100 టన్నుల స్కౌటు, అంటే ముందెళ్ళి దారి చూసొచ్చే చిన్న ఓడ, నెత్తళ్ళు క్లాస్, 200 టన్నుల బల్లపరుపు సరుకు ఓడ చందువ క్లాస్, 400 టన్నులది వంజరం, 1,000 టన్నుల గస్తీ ఓడ పండుగప్ప. ఈ నాలుగూ టేబుల్ మీద పెట్టుకోడానికి బొమ్మలుగా కావాలి, వంజరం డెక్ ప్లాన్ మాత్రం పెద్ద షీట్ మీద ప్లాటర్ ప్రింట్ కావాలి. ఇదీ ఆర్డర్.

నాలుగు రోజులన్నారు, పదకొండు రోజులు పట్టింది. మధ్యలో మూడుసార్లు వెళ్ళా, ఓసారి కరెంటు పోయింది, ఓసారి రెజిన్ అయిపోయింది, ఓసారి కుర్రాడే లేడు. ఫోన్ చేసి ఒక్క మాట చెప్తే పోయేదానికి ఎండలో తిప్పారు, దీనికి ఒక స్టార్ కట్. సరే చివరికి డబ్బా తెరిచి చూస్తే నాలుగు ఓడలూ ఒకే పొడవు! అన్నీ పది సెంటీమీటర్లే. అదేంటి తమ్ముడూ, స్కౌటూ గస్తీ ఓడా ఒకే సైజేంటి అంటే, బాక్సులో నీటుగా సెట్ అవుతాయి కదా అన్నా అంటాడు. నాకు ఒళ్ళు మండింది. ఇది 100, ఇది 1,000, పది రెట్లుండాలి, చిన్నది నాలుగు సెంటీమీటర్లు పెట్టు, పెద్దది నలభై పెట్టు అని అరిచా.

అప్పుడు మూలన కుర్చీలో పేపర్ చదువుకుంటున్న పెద్దాయన నవ్వారు. ఓనరుగారి నాన్నగారట, షిప్‌యార్డు డ్రాయింగ్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. "ఏటి బాబూ, నలభై ఎట్టేస్తే అది వెయ్యి టన్నులవుద్దా? పొడవు పది రెట్లు పెంచితే వెడల్పూ ఎత్తూ కూడా పది రెట్లు పెరగవేటి? లచ్చ టన్నులవుద్ది" అన్నారు. ఆ క్షణంలో నా మొహం చూడాలి. ఘనమూలం కదా, చోటు పది రెట్లయితే పొడవు 2.15 రెట్లే. నెత్తళ్ళు 4 సెంటీమీటర్లయితే ఆకారం ఒకేలా ఉన్నంతవరకు చందువ 5, వంజరం 6.3, పండుగప్ప 8.6. అంటే కుర్రాడి తప్పు కన్నా నా తప్పే పెద్దది, అరిచినందుకు సారీ కూడా చెప్పా.

ఆయన అక్కడితో ఆగలేదు, నా డెక్ ప్లాన్ షీటు టేబుల్ మీద పరిచి నాలుగు మూలలకీ నాలుగు రెజిన్ డబ్బాలు పెట్టి వేలితో ఒక్కో గదీ చదవడం మొదలెట్టారు. కెప్టెన్ గది, లాంజ్, చిన్న ఆసుపత్రి, రెండు సరుకు గదులు... "ఇంధనం ఎక్కడెట్టావు?"

చుట్టూ గోడల్లో ఉంటుంది అంకుల్ అన్నా.

"ఎంత?"

మూడు పార్సెక్‌లు దూకాలి, 400లో 30 శాతం, 120 టన్నులు.

ఆయన ఫోన్‌లో 120 ఇంటూ 14 కొట్టి నాకు చూపించారు, 1,680 ఘనమీటర్లు. "ఇది గోడల్లో ఎట్టేస్తావా?"

గళ్ళల్లో చెప్పాలంటే 240 గళ్ళు, నేను ఒక్క గడి కూడా గీయలేదు. లెక్కల షీటులో ఉంది, బొమ్మలో లేదు. నిజానికి మొదట నాలుగు పార్సెక్‌ల ఓడ చేద్దామనుకున్నా, మేం ఆడే ఎడిషన్‌లో అప్పుడు ఇంధనం 160, జంప్ ఇంజిన్ 45, సగం ఓడ అక్కడే అయిపోయేది. అయినా మూడుకి తగ్గించినంత మాత్రాన 120 టన్నుల ట్యాంకు మాయమైపోదు కదా. ఆ రాత్రి కూర్చుని లాంజ్ తీసేశా, ఒక సరుకు గది తీసేశా. ఇప్పుడు వంజరం క్లాస్‌లో సరుకు పెద్దగా పట్టదు, కాబట్టి అది టపా, డబ్బున్న ప్రయాణికులు, బయటికి చెప్పకూడని పార్సిళ్ళు తీసుకెళ్ళే ఓడ అయింది, అంతకుముందు దానికి కథే లేదు, ఏదో అందంగా ఉండే ఓడ అంతే.

తర్వాత పెద్దాయన అడిగింది, ఇంజిన్ పాడైతే ఏ దారిన బయటికి తీస్తావని. తలుపులన్నీ మనిషి పట్టేంతే గీశా. "అయితే ప్లేటు కోసి తియ్యాలి, మళ్ళీ వెల్డింగు" అన్నారు. గత ఆదివారం ఆటలో మా వాళ్ళు సరిగ్గా ఆ పనికే పేరులేని రేవులో మూడు వారాలు ఇరుక్కున్నారు, రిపేరు బిల్లు చూసి మా పైలట్ నన్ను వారం మాట్లాడించలేదు.

క్లాస్ అనే మాట మీద కూడా ఓ పాఠం అయింది. మొదటి ఓడ పేరే క్లాసుకి వస్తుందని నాకు తెలుసు, మన ఐఎన్ఎస్ విశాఖపట్నం 2021లో వచ్చింది, ఆ క్లాసులో తర్వాతవి మోర్ముగావ్, ఇంఫాల్, సూరత్. కానీ ఆయన చెప్పేదేంటంటే డ్రాయింగు ఒకటే అయినా మూడో ఓడకొచ్చేసరికి ఆ కాగితం నిండా ఎర్ర పెన్సిలు గీతలే ఉంటాయట. గేమ్‌లో స్టాండర్డ్ డిజైన్ అయితే ధరలో 10 శాతం తగ్గింపు, సొంతంగా కొత్తది గీయిస్తే ఆర్కిటెక్టుకి 1 శాతం ఫీజు అని రూల్స్‌లోనే ఉంది అని చెప్తే, "ఆ ఒక శాతం నాకెవరూ ఇవ్వలేదు బాబూ" అన్నారు.

ఆయన మాట మీద ఆర్కే బీచ్‌లో కురుసురకి మళ్ళీ వెళ్ళా, చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్ళాక ఇదే. 91 మీటర్ల సబ్‌మెరైన్, 1969 నుంచి 2001 దాకా నేవీలో చేసింది. మునిగినప్పుడు సుమారు 2,475 టన్నులు, సముద్రపు నీటి లెక్కలో 2,400 ఘనమీటర్ల పైచిలుకు, 14తో భాగిస్తే మా గేమ్ టన్నుల్లో 172. అంటే నా చందువ కన్నా చిన్నది! అందులో ఓ 75 మంది ఉండేవాళ్ళు, టార్పెడోల పక్కనే పడక. నేను మాత్రం మనిషికి 4 టన్నుల గది అని దర్జాగా పంచుతున్నా, ఆ లెక్కన 75 మందికి గదులకే 300 కావాలి. పండుగప్పలో సిపాయిల గదులు అదే రోజు సగానికి కోసేశా.

ఇక ప్రింట్ క్వాలిటీ. రెండోసారి కరెక్ట్ సైజులో సగం డబ్బులకే చేసిచ్చారు, అది మెచ్చుకోవాలి. రెజిన్ ఓడలు బావున్నాయి, పొరలు కనపడవు, టరెట్లు, అంటే ఫిరంగి గూళ్ళు, కూడా విరక్కుండా వచ్చాయి, కాకపోతే ప్రింట్ అయ్యేటప్పుడు ఆనించే సపోర్టులు తీసిన చోట పొట్ట కింద చిన్న గుంటలున్నాయి, మీరే ఉప్పు కాగితం పట్టుకోవాలి. ఫిలమెంట్‌లో తీసిన పండుగప్ప మాత్రం సాలెగూడు పట్టినట్టు దారాలు దారాలు. మన వైజాగ్ తేమకి ఫిలమెంట్ చుట్ట ఓపెన్‌గా వదిలేస్తే అంతే, డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి పెట్టుకోండి అని చెప్పి వచ్చా. ప్లాటర్ షీటు సూపర్, గళ్ళు కొలిచి చూశా, తేడా లేదు. మొత్తం 2,600 అయింది. బిల్లు మీద "ఫిష్ టాయ్స్, 4" అని రాశాడు కుర్రాడు, దాన్ని ఆదివారం గది గోడకి అంటించాం.

ప్రింటింగ్‌కి మూడు స్టార్లు, పెద్దాయనకి నా దగ్గర ఎన్నుంటే అన్ని. వెళ్ళేవాళ్ళు సాయంత్రం ఆరు దాటాక వెళ్ళండి, ఆయన అప్పుడే వస్తారు. ప్లాన్ కాగితం మీదే తీసుకెళ్ళండి, ఫోన్‌లో చూపిస్తే కళ్ళజోడు తీసి జేబులో పెట్టేసుకుంటారు.