మణికట్టులో నరం నలిగితే ఏది మేలు: పట్టీయా, సూదా, ఆపరేషనా?

అర్ధరాత్రి లేచి కూర్చుని కుడిచెయ్యి విదిలించుకునేది అమ్మ. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఒకటే తిమ్మిరి, మంట. ముప్పై ఏళ్లు కుట్టుమిషను తిప్పిన చెయ్యి అది. సూదిలో దారం ఎక్కించలేని రోజు వచ్చాకగానీ డాక్టరు దగ్గరికి కదల్లేదు. కార్పల్ టన్నెల్ అన్నారు. మణికట్టులోని ఇరుకు సందులోంచి వేళ్లను వంచే 9 టెండన్లూ (కండను ఎముకకు కలిపే తాళ్లు), ఆ వేళ్లకు స్పర్శనిచ్చే మీడియన్ నరమూ కలిసే వెళ్తాయి. అక్కడ ఒత్తిడి పెరిగితే నలిగిపోయేది నరమే.

రాత్రిళ్లు చెయ్యి వంగకుండా కట్టుకునే స్ప్లింట్ పట్టీతో ఖర్చు తక్కువ, భయం లేదు. గర్భిణులకైతే ముందు ఇదే నయం, చాలామందికి కాన్పయ్యాక అదే తగ్గిపోతుంది. కాకపోతే నిదానం. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో 234 మందిని చూశారు. 6 వారాలకు మణికట్టులో స్టిరాయిడ్ (వాపు తగ్గించే మందు) ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లకే ఎక్కువ ఉపశమనం. 6 నెలలకు మాత్రం పట్టీవాళ్లూ వాళ్లూ ఒకటే.

ఇంజెక్షన్ వేయించుకోవాలనుకుంటే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేసేవాళ్ల దగ్గరికే వెళ్లమంటాను. అమ్మ పక్కనే నిలబడి స్క్రీన్ చూశాను. నరం తేనెపట్టు ముక్కలా కనిపించింది. సూది తెల్లటి గీతలా దాని పక్కకు వచ్చి ఆగింది. మందు నల్లగా పరుచుకుంటూ నరాన్ని చుట్టుపక్కలవాటి నుంచి మెల్లగా విడదీసింది. చెయ్యి తిరిగిన డాక్టర్లు చూడకుండానూ వేస్తారు, పనిచేస్తుంది కూడా. కానీ సూది నరంలోకి దిగకుండా కళ్లారా చూసుకోవడంలో ఉన్న ధైర్యం వేరు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఆ తర్వాత కొన్నాళ్లు రోజూ పరీక్ష చేసుకోవాలి. స్టిరాయిడ్ షుగర్‌ను పెంచుతుంది.

అయితే దీన్ని శాశ్వత వైద్యం అనుకోకండి. పట్టీతో తగ్గనివాళ్ల మీద స్వీడన్‌లో చేసిన 2013 నాటి అధ్యయనంలో, 80 మిల్లీగ్రాముల స్టిరాయిడ్ ఇచ్చినవాళ్లలోనూ ఏడాదిలోపు 73 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మందు లేని ఉత్తుత్తి సూది వేసినవాళ్లలో 92 శాతం.

రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి బొటనవేలి కింద కండ చూడండి. ఒకవైపు పల్చబడినా, తిమ్మిరి పగలూ రాత్రీ వదలకపోయినా, వస్తువులు చేతిలోంచి జారిపోతున్నా సూదులతో నెలలు గడపొద్దు. ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా పోయిన పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

అమ్మకు ఇంజెక్షన్ ఐదు నెలలు హాయినిచ్చింది. మళ్లీ మొదలవగానే ఆపరేషన్‌కు ఒప్పించాం. ఇప్పుడు ఎడమచేతికి వచ్చింది. ఈసారి మొదటి వారంలోనే పట్టీ కొన్నాం.