ఒకరి అనుభవమా, వందల మంది లెక్కా? మందు విషయంలో ఏది మేలు?

ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఒక పసిబిడ్డకు ముక్కు మీద హిమాంజియోమా ఉండేది. రక్తనాళాలు గుంపుగా పెరిగి చర్మం మీద ఎర్రటి గడ్డలా ఉబ్బడమే ఈ జబ్బు. చాలామంది పిల్లల్లో కొన్నేళ్లకు దానంతటదే తగ్గుతుంది. కంటి పక్కనో, శ్వాస దారిలోనో పెరిగితే మాత్రం ప్రమాదం. అప్పట్లో దీనికి ఎక్కువగా స్టెరాయిడ్లే ఇచ్చేవారు. ఆ బిడ్డకు స్టెరాయిడ్లు వాడుతుండగా గుండె కండరం మందమెక్కింది. దాంతో డాక్టర్లు ప్రొప్రనొలాల్ మొదలుపెట్టారు. బీపీకి, గుండె దడకి, మైగ్రేన్‌కి మన ఇళ్లలో పెద్దవాళ్లు వేసుకునే పాత మందే అది. మర్నాటికే ముక్కు మీది గడ్డ ఎరుపు తగ్గి ఊదా రంగుకు మారింది, మెత్తబడింది. గుండె కోసం ఇచ్చిన మందు గడ్డ మీద పనిచేసింది. మరో బిడ్డలోనూ అదే జరగడంతో ఇంకో తొమ్మిది మందికి ఇచ్చి చూశారు. ఆ పదకొండు మంది గురించి 2008లో ఒక వైద్య పత్రికకు చిన్న ఉత్తరం రాశారు.

వైద్యంలో కేస్ రిపోర్ట్ అంటే ఇదే. ఒకరిద్దరు రోగుల్లో డాక్టరు చూసిన వింతను ఉన్నదున్నట్టు నలుగురి ముందు పెట్టడం. దీనికి అవతలి వైపున క్లినికల్ ట్రయల్ ఉంటుంది. అందులో వందల మందిని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందు, రెండో గుంపుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్రో, మామూలుగా చేసే చికిత్సో ఇస్తారు. ఎవరికి ఏది వెళ్లిందో వీలైనంత వరకు రోగికీ, డాక్టరుకీ తెలియనివ్వరు. చివర్లో రెండు గుంపులనూ పోల్చి చూస్తారు.

ప్రొప్రనొలాల్‌కూ ఆ పరీక్ష జరిగింది. 460 మంది పసిపిల్లల మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2015లో వచ్చాయి. సరైన మోతాదులో ఆరు నెలలు వాడిన పిల్లల్లో 60 శాతం మందికి గడ్డ పూర్తిగానో, దాదాపు పూర్తిగానో పోయింది. ఉత్తుత్తి మందు తాగిన పిల్లల్లో 4 శాతం మందికి పోయింది. నా దృష్టిలో ఈ 4 శాతం చాలా విలువైన అంకె. ఏ మందూ లేకుండానే బాగుపడిన పిల్లలు వాళ్లు. ఆ నెలల్లో వాళ్లలో ఎవరికైనా ఇంట్లో పసరు రాసి ఉంటే, పేరు పసరుకే వచ్చేది. పసరు రాసినా తగ్గని మిగతా 96 శాతం మంది గురించి ఎవరూ వీడియో పెట్టరు.

ఒకరి అనుభవానికి ఉన్న పెద్ద లోపం ఇదే. అందులో మందు వాడినవాళ్లు కనిపిస్తారు కానీ, వాడకపోతే వాళ్లకు ఏమయ్యేదో కనిపించదు.

ఈ లోపం అనుభవం ఉన్న డాక్టర్లను కూడా ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి నాకు తెలిసినంతలో కాస్ట్ అనే అమెరికా ట్రయల్‌ను మించిన ఉదాహరణ లేదు. గుండెపోటు వచ్చి బయటపడినవాళ్లలో కొందరికి గుండె మధ్యమధ్యలో లయ తప్పి కొట్టుకుంటుంది. అలాంటివాళ్లకు ఆకస్మిక మరణం ముప్పు ఎక్కువ. లయ తప్పడాన్ని ఆపితే మరణాలూ తగ్గుతాయని అందరూ అనుకున్నారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఇస్తే ఈసీజీ కాగితం మీద ఆ తప్పటడుగులు మాయమయ్యేవి కూడా. ఈ ట్రయల్‌లో ముందు అందరికీ మందు ఇచ్చి చూసి, ఎవరిలో ఈసీజీ బాగుపడిందో వాళ్లనే రెండు గుంపులుగా చేశారు. కంటికి కనిపించే రుజువు చాలు అనుకుంటే, వాళ్లలో ప్రతి ఒక్కరికీ మందు పనిచేసినట్టే. తీరా లెక్క చూస్తే, మందు వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో చనిపోయింది 26 మంది. 1989లో ఆ మందులు ఇవ్వడం మధ్యలోనే ఆపేశారు.

ఏ ఒక్క డాక్టరూ తన క్లినిక్‌లో కూర్చుని ఈ తేడాను కనిపెట్టలేడు. గుండెపోటు వచ్చినవాళ్లలో కొందరు చనిపోతారని అతనికి ముందే తెలుసు. పేషెంటు పోతే "మంచి మందే ఇచ్చాం, అయినా దక్కలేదు" అనుకుంటాడు. బతికితే మందు కాపాడింది అనుకుంటాడు. ఎలా జరిగినా మందు మీద నమ్మకం పెరుగుతూనే ఉంటుంది. దాన్ని బద్దలు కొట్టాలంటే పక్కన రెండో గుంపు ఉండాల్సిందే.

కరోనా రోజుల్లో మనం ఇదంతా మన ఊళ్లలోనే చూశాం. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే నాటు మందు కోసం వేల మంది బారులు తీరారు. కంట్లో చుక్కలు వేయగానే తేరుకున్నానని ఒక పెద్దాయన చెప్పిన వీడియో ఫోన్లన్నీ తిరిగింది. కొద్ది రోజులకే ఆయన కన్నుమూశారు. బారులు తీరినవాళ్లను నేను తప్పుపట్టను. ఆస్పత్రిలో బెడ్ దొరక్క, ఆక్సిజన్ దొరక్క, ఇంట్లో మనిషి కళ్లముందే నీరసిస్తుంటే ఎవరైనా వెళ్తారు. కానీ కరోనా వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఏ మందూ లేకున్నా కోలుకునేవారే. వాళ్లందరూ ఆ మందుకు సాక్షులైపోయారు. ఆ నెలాఖరున ప్రభుత్వం కంటి చుక్కలకు అనుమతి ఇవ్వలేదు కానీ, ఆనందయ్య ఇచ్చే మరికొన్ని మందులకు ఇచ్చింది. మందుకు మేలు చేసే గుణం ఉందో లేదో తేల్చాలంటే మాత్రం తీసుకోనివాళ్లతో పోల్చి చూడాలి.

ఇది నాటు మందులకే పరిమితమైన జబ్బు కాదు. ప్లాస్మా సంగతి గుర్తుందా? కోలుకున్నవాళ్ల ప్లాస్మా ఎక్కిస్తే బతుకుతారని నమ్మి ఎన్ని కుటుంబాలు రాత్రంతా ఫోన్లు చేసుకున్నాయో! నిజానికి మన ఐసీఎంఆర్ 2020లోనే 39 ఆస్పత్రుల్లో 464 మంది మీద దాన్ని పరీక్షించింది. జబ్బు ముదిరినవాళ్లూ చనిపోయినవాళ్లూ కలిపి ప్లాస్మా ఎక్కించిన గుంపులో 19 శాతం, ఎక్కించని గుంపులో 18 శాతం. ఈ ఫలితం ఆ అక్టోబరులో అచ్చయింది. ప్లాస్మాను జాతీయ మార్గదర్శకాల నుంచి తీసేసింది మాత్రం 2021 మేలో, సెకండ్ వేవ్ ఉధృతంగా ఉన్న రోజుల్లో. జవాబు చేతిలో ఉండి కూడా ఆ నెలల్లో జనం దాతల కోసం పరుగులు తీశారు. ఇప్పటికీ నాకు కోపం తెప్పించే విషయం ఇది.

మరోవైపు బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ డెక్సామెథాసోన్ అనే చవకైన స్టెరాయిడ్‌ను పరీక్షించింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు 41 శాతం నుంచి 29 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం ఏ మేలూ కనిపించలేదు. మందు ఒక్కటే, కానీ ఎవరికివ్వాలి, ఎవరికి వద్దు అన్నది ఒకరిద్దరిని చూసి చెప్పగలిగేది కాదు.

ఇంతవరకు చదివి కేస్ రిపోర్టులు పనికిరావనుకోవద్దు. కొత్త ప్రమాదాన్ని మొదట పట్టేది చాలాసార్లు అవే. 1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ వెలువరించే ఒక వారపత్రిక లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు వచ్చిన అరుదైన న్యుమోనియా గురించి రాసింది. ఎయిడ్స్ గురించి లోకానికి అందిన తొలి హెచ్చరిక అదే. థాలిడొమైడ్ విషయమూ అంతే. గర్భిణులు వికారానికి వేసుకున్న ఆ మందు వల్ల బిడ్డలు చేతులూ కాళ్లూ సరిగా లేకుండా పుడుతున్నారని జర్మనీలో లెంజ్, ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడ్ అనే డాక్టర్లు 1961లో అనుమానించారు. మెక్‌బ్రైడ్ రాసింది కొద్ది వాక్యాల ఉత్తరమే. మీలో ఇంకెవరైనా ఇలాంటివి చూశారా అని అందులో తోటి డాక్టర్లను అడిగాడు. అలాంటి చోట ట్రయల్ కోసం ఎదురుచూడటం నేరం.

అదే మెక్‌బ్రైడ్ అలా వచ్చిన పేరు ప్రతిష్ఠలతోనే తర్వాత డెబెండాక్స్ అనే మరో మందు మీదా పడ్డాడు. ఈసారి పరిశోధనలో అంకెలు మార్చాడని తేలి 1993లో డాక్టరుగా అతని రిజిస్ట్రేషన్ రద్దయింది. ఒకసారి నిజం చెప్పిన మనిషైనా సరే, రెండోసారి చెప్పినదాన్ని మళ్లీ పరీక్షించాల్సిందే.

ట్రయల్స్‌కూ లోపాలున్నాయి. గర్భిణులను, బాగా ముసలివాళ్లను, కిడ్నీ జబ్బున్నవాళ్లను తరచూ తీసుకోరు. చివరికి ఆ మందు వేసుకునేవాళ్లలో వాళ్లూ ఉంటారు. వేలల్లో ఒకరికి వచ్చే సైడ్ ఎఫెక్ట్ 460 మందిలో కనిపించకపోవచ్చు. సమ్మతి సంగతి ఇంకా పెద్దది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకాను బాలికలకు వేశారు. దాన్ని ట్రయల్ అనలేదు, ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. కొందరు బాలికల మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ రెండు వేలకు పైగా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసినట్టు బయటపడింది. టీకా మంచిదే కావచ్చు. గిరిజన పిల్లల తల్లిదండ్రులను అడగకపోవడం మాత్రం తప్పే.

ఇక ఏది మేలు అంటే, అది ప్రశ్నను బట్టి ఉంటుంది. "ఈ మందు నాకు మేలు చేస్తుందా?" అనే ప్రశ్నకు ట్రయలే మేలు, అందులో నాకు సందేహం లేదు. పదకొండు మంది కథ ఎంత బాగున్నా ఆ 460 మంది లెక్క వచ్చాకే మనసు కుదుటపడుతుంది. "ఈ మందు వల్ల ఏదైనా ముప్పుందా?" అనే ప్రశ్నకు ఒక్క రోగి కథను కూడా కొట్టిపారేయకూడదు. అరుదైన జబ్బుల్లో, ట్రయల్‌కు సరిపడా రోగులే దొరకని చోట, కేస్ రిపోర్టే ఆధారం. అప్పుడు ఇంతమందికే చూశామని డాక్టరు రోగికి ముందే చెప్పాలి.

కొత్త చికిత్స గురించి ఎవరైనా చెబితే, తీసుకోనివాళ్లకు ఏమైందని అడగండి. ట్రయల్‌లో చేరమని అడిగితే సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మనండి, ఇంటికి తెచ్చుకుని చదవండి, మన దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలుండే సీటీఆర్ఐ రిజిస్ట్రీలో అది నమోదై ఉందో లేదో చూడండి. మీరు వాడుతున్న మందుతో ఏదైనా వింత ఇబ్బంది వస్తే డాక్టరుకు చెప్పి ఊరుకోకండి. మందుల వల్ల వచ్చే ఇబ్బందులను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024కు రోగులు కూడా నేరుగా ఫోన్ చేయవచ్చు.