మూడు మొండి స్లిప్పర్ ఆర్కిడ్ సంకరాలు: ఏళ్ల తరబడి పెంచాక నా సమీక్ష

సెయింట్ స్విదిన్, మైకేల్ కూపోవిట్జ్, డెల్రోసి. పేఫియోపెడిలమ్‌లు, అంటే చెప్పు ముందుభాగంలాంటి సంచి ఉన్న పూలు పూసే స్లిప్పర్ ఆర్కిడ్‌లు, పెంచేవాళ్లకు ఈ పేర్లు కొత్త కాదు, గ్రీన్‌హౌస్ లేకపోతే ఇవి పూయవు అనే మాటా కొత్త కాదు. నా దగ్గర మూడూ ఇంట్లోనే పూశాయి, ఒక్కసారి కాదు. అలాగని మూడింటికీ ఒకే మార్కులు వేయలేను.

వీటిలో ముందు కొనాల్సింది సెయింట్ స్విదిన్. ఫిలిపినెన్స్ అనే అడవి జాతినీ, బోర్నియోలోని కినబాలు కొండ చుట్టుపక్కల మాత్రమే పెరిగే రాత్‌షైల్డియానమ్‌నూ కలిపి చేసిన మొక్క ఇది. రాత్‌షైల్డియానమ్ విత్తనం నుంచి పూతకు రావడానికి పదేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు, ఆ నెమ్మదిని ఫిలిపినెన్స్ కొంత తగ్గిస్తుంది. నిటారుగా లేచిన కాడ మీద మూడు నాలుగు పూలు దాదాపు ఒకేసారి విచ్చుకుని, ముదురు చారలతో, కిందికి వాలిన పొడుగు రెక్కలతో వారాల తరబడి నిలుస్తాయి. అది చూశాక ఎదురుచూసిన ఏళ్లు గుర్తుండవు, నిజంగా. ఆకులు మాత్రం బాగా పొడుగు, చోటు చూసుకుని కొనండి.

ఈ రకాలు పూయకపోవడానికి ఎక్కువసార్లు కారణం వెలుగు చాలకపోవడమే. ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంటే మొక్క బాగుందనే అనిపిస్తుంది, కానీ అలాంటి మొక్క ఏళ్లకేళ్లు ఆకులే వేస్తూ కూర్చుంటుంది. మచ్చల ఆకుల మాడియే రకం స్లిప్పర్ ఆర్కిడ్‌లకు సరిపోయే నీడ వీటికి పనికిరాదు, కాట్లేయా ఆర్కిడ్‌లకు ఇచ్చేంత వెలుగుకు దగ్గరగా ఇవ్వాలి, ఆకు రంగు కాస్త లేతబడాలి. కిటికీ వెలుగుకు తోడు నేను ఎల్ఈడీ లైట్లు రోజూ 12 గంటలు వేస్తాను, ఆకు వేడెక్కకుండా చిన్న ఫ్యాన్ కూడా తిరుగుతూ ఉంటుంది.

ఇక పిలకలు. ఒక్కో పిలక ఒక్కసారే పూస్తుంది, పూశాక పక్కన కొత్త పిలకను వేసి దాన్ని పోషిస్తుంది. అందుకే గుబురును ముక్కలు చేసి పంచిపెట్టాలనే ఉత్సాహాన్ని దయచేసి ఆపుకోండి. ఒక్కో పిలకగా చీల్చిన పెద్ద సంకరం తేరుకుని మళ్లీ పూయడానికి ఏళ్లు పడుతుంది, అదే ఐదారు పిలకలతో కదపకుండా ఉంచిన మొక్క కాడ వేస్తే ఆ బలమే వేరు. కుండీలో బెరడు ముక్కలు కుళ్లకముందే మార్చండి, మార్చేటప్పుడు వేర్ల జోలికి ఎక్కువ పోవద్దు, ఎందుకంటే వీటికి ఉండేవే కొద్ది వేర్లు, అవీ పుటుక్కున విరుగుతాయి. నీళ్లు పొద్దున పూటే, ఉప్పు తక్కువున్న నీళ్లే. ఫలానాప్సిస్ ఆర్కిడ్‌కైనా లావు ఆకులున్నాయి, కాట్లేయాకు దుంపలున్నాయి, వీటికి నీళ్లు దాచుకునే దుంప లేదు కాబట్టి పూర్తిగా ఎండనివ్వకూడదు. మొవ్వులో మాత్రం చుక్క నిలవకూడదు, మొవ్వు కుళ్లితే ఆ పిలక పోయినట్టే.

మైకేల్ కూపోవిట్జ్ ఫిలిపినెన్స్, సాండెరియానమ్‌ల సంకరం. సాండెరియానమ్ రెక్కలు 90 సెంటీమీటర్ల దాకా సాగుతాయి, ఆ గుణం దీనికీ వచ్చింది. పువ్వు విచ్చుకున్న తర్వాత కూడా రోజుల తరబడి రెక్క మెలికలు తిరుగుతూ కిందికి దిగుతూనే ఉంటుంది, రోజూ పొద్దున్నే వెళ్లి చూడకుండా ఉండలేం. మొగ్గ కనిపించగానే కుండీని ఎత్తులో పెట్టండి. కన్నవాళ్లిద్దరూ సున్నపురాయి మీద పెరిగేవాళ్లే కాబట్టి కుండీలో కొన్ని సున్నపురాయి ముక్కలు వేస్తాను. మూడింటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

డెల్రోసి దగ్గరికొచ్చేసరికి ఓపిక నిజంగా కావాలి. గులాబీ రంగు డెలెనటై, రాత్‌షైల్డియానమ్‌ల పిల్ల. లేత గులాబీ మీద ముదురు గీతలతో పువ్వు చాలా అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను, కానీ ఏడాదికి పెద్దగా ఆకులు వేయదు, తడి ఎక్కువైతే అలిగి కూర్చుంటుంది, కాడకు పూలూ తక్కువే. డెలెనటై సున్నపు నేల మొక్క కాదు కాబట్టి దీనికి నేను సున్నం వేయను. ఇదే మొదటి స్లిప్పర్ ఆర్కిడ్‌గా ఎవరికీ చెప్పను.

కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఫలానాప్సిస్‌లను ల్యాబ్‌లో లక్షల్లో ఒకేలా తయారుచేసినట్టు వీటిని చేయడం కుదరడం లేదు, విత్తనంతో వచ్చిన ప్రతి మొక్కా వేరే. ఫోటోలో చూసిన పువ్వే కావాలంటే ఆ మొక్క నుంచి విడదీసిన ముక్కే కొనాలి, అది ఖరీదెక్కువ. చిన్న మొక్కలు కొనేటట్టయితే ఒక్కటి కాకుండా రెండు మూడు తీసుకోండి, డెల్రోసి అయితే మాత్రం పూతకు దగ్గరపడిన పెద్ద మొక్కే తీసుకోండి.