రాతి ఇల్లు గీయించే ముందు ఆర్కిటెక్ట్‌తో మా కొండల తిరుగుడు

శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర కొండ మొదట్లో మా అత్తగారి వాళ్లకి జీడితోట ఉంది. అందులో ఓ వార రాయి, కలపతో చిన్న ఇల్లు వేసుకోవాలని మా ఆయన పట్టు. ముందు ఒకాయనకి అడ్వాన్స్ ఇస్తే చకచకా త్రీడీ బొమ్మలు పంపించాడు, చూడ్డానికి మనాలి హోటల్లా ఉంది, హాల్లో ఫైర్‌ప్లేస్ కూడా పెట్టాడు. మే నెలలో పలాస ఎండ తెలిసినవాడెవడైనా హాల్లో పొయ్యి పెడతాడా? ఆ తర్వాత దొరికిన ఆర్కిటెక్ట్ మేడమ్ అసలు పెన్నే తియ్యలేదు. "మన పక్క రాయితో, కలపతో కట్టినవి ముందు చూద్దామండీ, వానల్లో వాటిల్లో పడుకుందాం, ఏది కారుతుందో ఏది ఉక్కపోస్తుందో తెలిశాక గీస్తాను" అన్నారు. తిరిగిన రోజులకి ఫీజు వేరు, బండి ఖర్చు మనదే. మా ఆయన కాస్త గొణిగాడు గానీ, ఈ ఇంటి మీద ఇంతవరకూ పెట్టిన డబ్బులో నాకు దండగ అనిపించనిది అదే.

మొదట విజయనగరం జిల్లా ఎస్.కోట వైపు ఓ రిసార్టులో దిగాం. పేరు చెప్పను. బయట్నుంచి చూస్తే మొత్తం రాతి గోడలే. మేడమ్ లోపలికి వెళ్తూనే వేలితో గోడ మీద టకటకా కొట్టి నవ్వారు, డొల్ల చప్పుడు. ఇటుక గోడకి పల్చటి రాతి పలకలు అతికించారు, మంచం వెనకాల రెండు ఊడిపోతే సిమెంటు మెత్తి వదిలేశారు, పైన దూలాల్లా కనిపించేవి సిమెంటుకి చెక్క రంగు వేసినవి. ఏసీ బాగుంది, భోజనం వేడిగా వచ్చింది, పిల్లలకి ఈత కొలను ఉంది. సెలవు రోజు గడపడానికి వెళ్లొచ్చు, ఇల్లు కట్టుకునేవాళ్లు నేర్చుకోడానికి మాత్రం అక్కడేం లేదు.

అక్కణ్నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి అనంతగిరి దారిలో చెక్క కాటేజీకి వెళ్లాం. ఇది అసలైన చెక్కే. రాత్రంతా వాన, రేకు మీద చప్పుడుకి మాటలు వినబడలేదు, దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, వేడినీళ్లు బకెట్‌తో మోసుకొచ్చి ఇచ్చారు పాపం. బొంగు చికెన్ ముందే చెప్పి పెట్టుకోవాలి, లేకపోతే గుడ్డు కూరే గతి. అయినా నాకు నచ్చింది ఆ చోటే, ఎందుకంటే పొద్దున్న మేడమ్ కారు తాళంచెవి తీసి వరండా స్తంభాల మొదళ్లు ఒక్కొక్కటే గుచ్చుకుంటూ వెళ్లారు. నేరుగా మట్టిలో పాతిన స్తంభంలోకి తాళంచెవి సగం దాకా దిగిపోయింది, లోపలంతా చెద. ఆ పక్కనే రాతి దిమ్మ మీద నిలబెట్టిన స్తంభానికి మొన కూడా దిగలేదు. రెండూ ఒకే కలప, ఒకేసారి వేసినవని వాచ్‌మన్ చెప్పాడు. మా ఇంట్లో ఏ చెక్కా నేలని తాకకూడదని అక్కడే తేలిపోయింది. దూలం కొస రాతి గోడలోకి వెళ్లే చోట కూడా చుట్టూ గాలి ఆడేలా కాస్త సందు వదలాలట, గట్టిగా సిమెంటు పెట్టి మూసేస్తే చెమ్మ పట్టి కొస లోపల్లోపలే కుళ్లిపోతుందట.

తర్వాత సీతంపేట వైపు సవర గిరిజనుల గూడేలు. అటు మంచి గదులు దొరకవని పాలకొండ లాడ్జిలో ఉన్నాం. గది శుభ్రంగానే ఉంది, కింద మోటారు సైకిళ్ల గోల ఒక్కటే చికాకు. సవరల ఇళ్లు వరసగా, పక్కింటి గోడా మనింటి గోడా ఒకటే అన్నట్టు కలిసి ఉంటాయి. ఎత్తయిన అరుగు, ఎర్రమట్టి గోడలు, చూరు ఎంత కిందికి దిగుతుందంటే మా ఆయన నడుం వంచి లోపలికి వెళ్లాల్సి వచ్చింది. గోడకి వాన జల్లు తగలనే తగలదు. ఒక పెద్దావిడ మమ్మల్ని అరుగు మీద కూచోబెట్టింది, బయట వాన దంచుతుంటే మేం పొడిగా ఉన్నాం. ఫోటోలు అడిగి తీసుకోండి, అది ఎగ్జిబిషన్ కాదు, వాళ్లిల్లు.

ఇక్కడో మాట చెప్పాలి. కొండ మీద స్థలం చవగ్గా ఉందని ఎవరైనా అంటే ఆగండి. ఏజెన్సీ గ్రామాల్లో 1/70 చట్టం ఉంది, అక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. 2022లో జిల్లాలు విడగొట్టాక సీతంపేట వైపు ఊళ్లు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి, చట్టం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉందో లేదో తహసీల్దార్ ఆఫీసులో అడిగాకే ఆర్కిటెక్ట్‌ని పిలవండి.

మహేంద్రగిరి కూడా ఎక్కాం, అది ఒడిశాలోకి వస్తుంది, 1,501 మీటర్లు. పైన పెద్ద పెద్ద బండలు పేర్చి కట్టిన భీముడి గుడి చూసి మా ఆయన "ఇదిగో, ఇలా కట్టించండి" అన్నాడు. "ఆ బండల బరువే ఆ గుడిని నిలబెట్టింది సార్, మన గోడ అడుగున్నర మందం, దాన్లో రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకునేలా కట్టు పడాలి, తలుపుల పైన చుట్టూరా కాంక్రీట్ బెల్ట్ పడాలి" అని మేడమ్ అక్కడికక్కడే తేల్చేశారు.

రాయి సంగతి మందస మేస్త్రి తేల్చాడు. మా తోట వెనక దొరికే ఎర్రరాయి వాడేస్తే లారీ ఖర్చు మిగులుతుందని మా ఆశ. మేస్త్రి ఆ రాయి ఒకటి, టెక్కలి గ్రానైట్ ముక్క ఒకటి పక్కపక్కన పెట్టి రెండింటి మీదా గ్లాసుడు నీళ్లు పోశాడు. గ్రానైట్ మీంచి జారిపోయాయి, ఎర్రరాయి మీద తడి లోపలికి పాకి అలాగే ఉండిపోయింది. "ఈ రాయి నీల్లు తాగుతాది బాబూ, వానకాలం పోయినా గోడ ఆరదు" అన్నాడు. దాన్ని ఖొండలైట్ అంటారని, కోణార్క్ గుడికి వాడింది ఆ రాయేనని, అక్కడి శిల్పాలు అరిగిపోవడానికి అదో కారణమని మేడమ్ చెప్పారు. అందుకని పునాదికీ బయటి గోడలకీ టెక్కలి యూనిట్లలో పలకలు కోయగా మిగిలిన గ్రానైట్ ముక్కలు, లోపలి గోడలకి మాత్రం మా ఎర్రరాయి.

అసలు తకరారు కప్పు దగ్గర వచ్చింది. సవర ఇంటి చూరు చూశాక నాకు అంత కిందికి దిగే చూరు కావాలనిపించింది. మేడమ్ ఒప్పుకోలేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ పలాస పక్కనే తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడి నేలకొరిగిపోయాయి, మా తోటలో రేకుల షెడ్డు కప్పు పక్కవాళ్ల చెరువులో దొరికింది. చూరు ముందుకి పొడుచుకొచ్చిన కొద్దీ తుఫాను గాలి దాని కింద దూరి కప్పంతా లేపేస్తుంది. ఈ పక్క పాత చుట్టిళ్లు గుండ్రంగా కట్టింది గాలి పక్కల్నుంచి జారిపోవాలనే కదా. చివరికి ఇల్లు వరకు నాలుగు వైపులా వాలుండే పెంకుల కప్పు, దాని చూరు కురచ, కప్పుని గోడలోని బెల్ట్‌కి ఇనప రాడ్లతో బిగింపు. వరండాకి విడిగా ఇంకో కప్పు, అది మాత్రం బాగా కిందికి దిగుతుంది. పెద్ద గాలి వచ్చి వరండా పోయినా ఇంటి కప్పుని వెంట లాక్కుపోదు. ఆ వరండా పడమటి గోడకి ఎండ తగలకుండా కూడా కాస్తుంది, లేకపోతే రాయి పగలంతా కాగి రాత్రి మన మీద వదులుతుంది.

కలపకి బొబ్బిలి, పార్వతీపురం వైపు పడగొట్టే పాత పెంకుటిళ్ల దూలాలు, ద్వారబంధాలు చూస్తున్నాం, ఆరిన కలప కాబట్టి వంకర పోదు. బిల్లు తప్పకుండా రాయించుకోండి, దారిలో ఫారెస్టు వాళ్లు ఆపితే టెన్షన్ ఉండదు.

మీరూ ఇలా తిరగాలనుకుంటే ఆగస్టులో వెళ్లండి, చెక్క కాటేజీలో ఒక రాత్రి, పాలకొండలో ఒక రాత్రి చాలు, రిసార్టు డబ్బు మిగుల్చుకోండి. మందసలో కోవా తినకుండా రావద్దు. ఆర్కిటెక్ట్‌కి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, ఫీజు దశలవారీగా రాయించుకోండి, సైటుకి ఎన్నిసార్లు వస్తారో అందులోనే ఉండాలి. మా ఆయన ఇంకా పైన చెక్క గది ఒకటి కావాలంటున్నాడు, మేడమ్ అటక వరకే ఒప్పుకున్నారు, ఆ బేరం నడుస్తోంది. పని మాత్రం సంక్రాంతి తర్వాతే, అక్టోబర్, నవంబర్ తుఫాన్లలో సగం లేచిన గోడ వదిలి పెట్టనని మేస్త్రి ముందే చెప్పేశాడు.