విదూషకుడా, కేతిగాడా: మీ నాటకానికి ఎవరు?

హైదరాబాద్‌లో కాలేజీ వార్షికోత్సవానికో, కాలనీ ఉగాది వేడుకకో నాటకం వేసేవాళ్లకు, నవ్వించే పాత్రగా ఎవర్ని పెట్టాలని తరచూ వచ్చే సందేహం ఇది.

విదూషకుడు సంస్కృత నాటకం మనిషి, రాజుకు చనువున్న నేస్తం, భోజనప్రియుడు. శాకుంతలంలో మాధవ్యుడు అలాంటివాడే. కథలోనే ఉంటాడు.
కేతిగాడు తోలుబొమ్మలాటలో నవ్వించే బొమ్మ. రామాయణం నడుస్తుండగా బంగారక్క అనే మరో హాస్యపు బొమ్మతో గొడవపడుతూ మధ్యలో దూరతాడు. కథతో పనిలేదు.

ఖర్చు: విదూషకుడికి పంచె, పిలక, వంకరకర్ర చాలు. కేతిగాణ్ణి బొమ్మగానే ఆడించాలంటే తెర, వెనక దీపం, చేయి తిరిగిన కళాకారులు కావాలి. మనిషే వేషం కడితే పెద్ద తేడా ఉండదు.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. విదూషకుడి మాటలు రాసే ఉంటాయి, కానీ బట్టీ పడితే సరిపోదు. రాజు విరహంతో నిట్టూరుస్తుంటే వీడి చూపు లడ్డూ పళ్లెం మీదికి పోవాలి. ఆ చూపు అరక్షణం ముందొచ్చినా నవ్వు రాదు. రాజు వేషగాడితో జోడీ కుదిరేదాకా రిహార్సల్స్ తప్పవు. కేతిగాడికి అప్పటికప్పుడు మాట అల్లే నోరుండాలి. నీళ్ల ట్యాంకర్ గురించో, మెట్రో రద్దీ గురించో ఒక్క మాట విసిరితే జనం వాడివైపే.

రిస్క్: కేతిగాడిది మోటు హాస్యం. ముందు వరుసలో పిల్లలుంటే హద్దులు ముందే మాట్లాడుకోండి, అలాగని పూర్తిగా కడిగేస్తే పాత్రే చచ్చిపోతుంది. విదూషకుడికి గ్రాంథికం పెడితే జనం ఫోన్లు తీస్తారు.

రవీంద్రభారతిలో పూర్తి నిడివి నాటకమా? విదూషకుడు. ఆరుబయట, అటూ ఇటూ తిరిగే జనం ముందు చిన్న ప్రదర్శనా? కేతిగాడే.